ప్యానెల్ లేని రిపీటర్‌ను పనిలోకి తేవడం

(హామ్ రేడియో ఔత్సాహికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులందరికీ నమస్కారం.

పాత రిపీటర్లు, అంటే ఒక రేడియో మాటను విని దాన్ని మరింత దూరానికి మళ్లీ ప్రసారం చేసే యంత్రాలు, మన చేతికి ఎలా వస్తాయో మీకు తెలుసు. రవాణా సంస్థలు, కర్మాగారాలు, భద్రతా విభాగాలు కొత్త రేడియో వ్యవస్థకు మారినప్పుడు పాత యంత్రాలను తీసి పక్కన పెడతాయి. అలా పక్కన పెట్టినవాటిలో మొదట మాయమయ్యేది ముందు భాగంలో ఉండే కంట్రోల్ ప్యానెల్. ఇంకో యంత్రానికి విడిభాగంగా ఎవరో విప్పుకుని వెళ్తారు. మిగిలినది మనకు చేరుతుంది. ముందు ఒక ఖాళీ కిటికీ, దానిలోంచి బయటికి వేలాడే రిబ్బన్ కేబుల్. మీటలు లేవు, తెర లేదు, ఇక దీనికి ఫ్రీక్వెన్సీ ఎలా చెబుతాం అని చాలామంది దాన్ని తూకానికి అమ్మేస్తారు. రోజంతా ఆగకుండా ప్రసారం చేసినా తట్టుకునే పవర్ యాంప్లిఫయర్, పక్క చానెల్ ఎంత గట్టిగా అరిచినా చలించని రిసీవర్, నికరమైన విద్యుత్ సరఫరా, ఇవన్నీ ఇనుము ధరకు పోతాయి. అలా పోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే ఈ అంశాన్ని ఎంచుకున్నాను.

నేను చెప్పదలచినది ఇది. రిపీటర్ తాను ఏం చేయాలో మెమరీని చదివి తెలుసుకుంటుంది. ఆ మెమరీలోకి మనం రాసే మార్గాల్లో ప్యానెల్ ఒకటి మాత్రమే. ఆలోచించి చూడండి. రిపీటర్ పని చేసేది ఎక్కడ? కొండ మీద, తాళం వేసిన గదిలో. నెలల తరబడి ఎవరూ దాని మీటలు నొక్కరు. కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తానే లేచి అదే ఫ్రీక్వెన్సీలో పనిలోకి దిగుతుంది. అంటే పనికి కావలసిన సమాచారమంతా దాని లోపలే ఉంది. ప్యానెల్ పోయినంత మాత్రాన ఆ సమాచారం ఎక్కడికీ పోలేదు. దాన్ని చదివే దారి, తిరిగి రాసే దారి వెతుక్కోవడమే మన పని.

ఆ సమాచారం ఏమిటో ముందు చూద్దాం. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో మరొక ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. కాబట్టి రిసీవర్ ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీ కావాలి. తర్వాత స్క్వెల్చ్, అంటే సంకేతం లేనప్పుడు రిసీవర్ రొదను మూసి ఉంచే ఏర్పాటు, దాన్ని తెరిచే టోన్. 67.0 హెర్ట్జ్ నుంచి 254.1 హెర్ట్జ్ వరకు ఉండే, స్పీకర్‌లో వినబడని టోన్లలో ఒకటో, సెకనుకు 134.4 బిట్ల వేగంతో పోయే డిజిటల్ కోడో ఏదో ఒకటి ఉంటుంది. మాట ఆగిన తర్వాత ఎంతసేపు ప్రసారం నిలవాలి, ఎవరైనా మీట వదలకపోతే ఎంతసేపటికి ఆపేయాలి, చానెల్ వెడల్పు ఎంత, పవర్ ఎంత, గుర్తింపు సంకేతం ఏమిటి, ఇవి మిగిలినవి. మొత్తం కలిపినా పాత యంత్రాల్లో కొన్ని డజన్ల బైట్లు మించదు. ఈ సమాచార మూటనే మన రంగంలో కోడ్‌ప్లగ్ అంటారు.

ఇది ఎక్కడ దాగి ఉంటుందో తెలుసుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ఎందుకో చెబుతాను. కొన్ని యంత్రాల్లో ఇది ఈప్రోమ్ చిప్పులో, అంటే అతినీలలోహిత కాంతితో చెరిపి మళ్లీ రాసే మెమరీలో ఉంటుంది, నెత్తిమీద గాజు కిటికీ ఉంటుంది కనుక చూడగానే గుర్తుపట్టవచ్చు. కొన్నింటిలో విద్యుత్తుతోనే చెరిపి రాయగల, ఎనిమిది కాళ్ల చిన్న ఈఈప్రోమ్‌లో ఉంటుంది. ఈ రెండింటికీ కరెంటు తీసేసినా ఫర్వాలేదు. మూడో రకం ఉంది, మామూలు ర్యామ్ చిప్పు, దాన్ని బతికించే ఒక చిన్న లిథియం బ్యాటరీ. బోర్డు శుభ్రం చేద్దామని ఆ బ్యాటరీ పీకితే సమాచారం ఆ క్షణంలోనే పోతుంది, తిరిగి రాదు. పాత యంత్రం మూత తీయగానే నాణెం లాంటి సెల్ కనబడిందా, మల్టీమీటర్‌తో దాని వోల్టేజి చూడండి. దగ్గర దగ్గర 3 వోల్టులు ఉంటే లోపల సమాచారం బతికే ఉండవచ్చు. ముందు దాన్ని చదివి భద్రపరచాలి, బ్యాటరీ మార్చడం ఆ తర్వాతి మాట. మార్చేటప్పుడు కూడా యంత్రానికి కరెంటు ఇచ్చి ఉంచడమో, సమాంతరంగా వేరే 3 వోల్టుల సరఫరా కలపడమో చేయాలి.

ఇప్పుడు దారుల సంగతి. అన్నిటికంటే సులువైనది సీరియల్ పోర్టు. ప్యానెల్ ఉన్న యంత్రాల్లో కూడా తయారీదారులు కంప్యూటర్‌తో ప్రోగ్రామ్ చేసే ఏర్పాటు పెట్టడం మామూలే. వెనుక వైపు కనెక్టర్‌లోనో, మైక్ సాకెట్‌లోనో, బోర్డు మీద ఎవరూ పట్టించుకోని నాలుగు పిన్నుల వరుసలోనో అది ఉంటుంది. సర్వీస్ మాన్యువల్ దొరికితే ఒక పేజీలో తేలిపోతుంది.

పోర్టు దొరికింది కదా అని కేబుల్ గుచ్చేయకండి. ఇక్కడ రెండు రకాల వోల్టేజిలు ఉంటాయి. కంప్యూటర్ వెనుక ఉండే ఆర్‌ఎస్-232 పోర్టులో 1 అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, 0 అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15 వోల్టులు. రిపీటర్ లోపలి ప్రాసెసర్‌కు తెలిసినవి సున్నా, 5 వోల్టులు మాత్రమే. పైగా తర్కం కూడా తలకిందులు. కొన్ని యంత్రాల్లో మధ్యలో మార్పిడి చిప్పు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉండని చోట నేరుగా కలిపితే ప్రాసెసర్ కాలిపోతుంది, అది ఎక్కడా దొరకని ప్రాసెసర్ అయి ఉంటుంది. యంత్రం ఆన్ చేసి, ఏమీ కలపకుండా, డేటా పిన్ను మీద వోల్టేజి కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ వోల్టులు కనబడితే అది ఆర్‌ఎస్-232. ప్లస్ 5 కనబడితే మధ్యలో మ్యాక్స్232 లాంటి మార్పిడి చిప్పు పెట్టాలి. ఈ చిన్న కొలతకు పట్టేది అర నిమిషం.

తర్వాత సాఫ్ట్‌వేర్. 1980లు, 1990ల నాటి రిపీటర్లకు వచ్చిన ప్రోగ్రామ్‌లు విండోస్‌కు ముందటి డాస్‌లో నడిచేవి. వాటిలో కొన్ని ప్రాసెసర్ వేగాన్ని నమ్ముకుని సమయాన్ని లెక్కపెడతాయి. ఒక వలయాన్ని ఇన్నిసార్లు తిప్పితే ఇంత సమయం అనే లెక్క. కొత్త కంప్యూటర్‌లో ఆ వలయం కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది, రిపీటర్ జవాబు చెప్పేలోపే ప్రోగ్రామ్ ‘జవాబు లేదు’ అంటుంది. బోర్లాండ్ పాస్కల్‌లో రాసిన ప్రోగ్రామ్‌లైతే సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ మీద మొదలవుతూనే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతాయి. చాలామంది దీన్ని చూసి రిపీటర్ చెడిపోయిందనుకుంటారు. తప్పు కంప్యూటర్ వేగానిది. పాత, నెమ్మదైన, నిజమైన సీరియల్ పోర్టు ఉన్న కంప్యూటర్‌ను ఒకదాన్ని ఈ పనికోసమే దాచుకోండి. యూఎస్‌బీ మార్పిడి కేబుళ్లు డేటాను పోగుచేసి ముక్కలుగా పంపుతాయి, ఆ చిన్న ఆలస్యాన్ని కొన్ని పాత యంత్రాలు సహించవు.

సాఫ్ట్‌వేర్ కలిసిన వెంటనే చేయాల్సింది చదవడం. చదివి ఫైలుగా దాచండి. మళ్లీ చదివి రెండు ఫైళ్లూ పోల్చండి. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటేనే మీ కేబుల్ నమ్మదగినది. తేడా ఉంటే రాయడం గురించి ఆలోచించవద్దు, ముందు కేబుల్ సంగతి చూడండి. చదవడంలో తప్పు వస్తే నష్టం లేదు, రాయడంలో వస్తే యంత్రం మొరాయిస్తుంది.

రెండో దారి చిన్నది. యంత్రంలో ముందే ఒకటి కంటే ఎక్కువ చానెళ్లు రాసి ఉండి, అందులో ఒకటి మీకు పనికొస్తే ప్రోగ్రామ్ చేసే అవసరమే లేదు. వెనుక కనెక్టర్‌లో చానెల్ ఎంపిక పిన్నులు ఉంటాయి, వాటిని భూమికి, అంటే యంత్రం గ్రౌండ్‌కు, కలిపి చానెల్ మార్చవచ్చు. నాలుగు పిన్నులంటే పదహారు చానెళ్లు. మన బ్యాండ్ ఫ్రీక్వెన్సీలు అందులో ఉండటం అరుదు కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

మూడో దారి, లేని ప్యానెల్‌ను మనమే తయారు చేయడం. చాలామందికి మొదట తట్టే ఆలోచన ఇదే. రిబ్బన్ కేబుల్ తీగలను ఒక్కొక్కటిగా వెతికి, ఏది మీటల వరుస, ఏది నిలువు గీత, ఏది తెరకు పోయే డేటా అని తేల్చి, మీటలు పెట్టడం. ప్యానెల్‌లో మీటలు, దీపాలు తప్ప ఏమీ లేని పాత యంత్రాల్లో ఇది సాధ్యమే. విద్యుత్ సంకేతాల ఆకారాన్ని చూపే ఆసిలోస్కోప్ పెడితే వరుసల మీద ఒకదాని తర్వాత ఒకటిగా తిరిగే పల్సులు కనబడతాయి, ఆ పల్సును చదివే గీతతో కలిపితే ఒక మీట నొక్కినట్టు. కానీ ప్యానెల్‌లోనే సొంత ప్రాసెసర్ ఉండి, ప్రధాన బోర్డుతో తనదైన భాషలో మాట్లాడే యంత్రమైతే ఈ దారిలో దిగవద్దనే నా సలహా. ఆ భాషను వినడానికి పనిచేసే ప్యానెల్ ఒకటి కావాలి, అదే దొరికితే మనకు ఈ సమస్యే లేదు కదా.

అయితే ఈ దారిలో ఒక్క విషయం అందరికీ పనికొస్తుంది. కొన్ని యంత్రాలు ఆన్ కాగానే ప్యానెల్ ఉందా లేదా అని ఒక పిన్నును చూస్తాయి. లేకపోతే లేవవు, లేదా లేచి ట్రాన్స్‌మిటర్‌ను మాత్రం తాళం వేసి ఉంచుతాయి. ప్యానెల్ లోపల ఆ పిన్ను భూమికో, రెసిస్టర్ ద్వారా 5 వోల్టులకో కలిసి ఉంటుంది. సర్క్యూట్ పటంలో ప్యానెల్ వైపు బొమ్మ చూసి ఆ ఒక్క కనెక్షన్ మనం ఇస్తే చాలు. మెమరీలో అన్నీ సరిగా రాసినా యంత్రం పలకకపోతే మొదట ఇక్కడ చూడండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి, చిప్పునే నేరుగా చదవడం. దీనికి కావలసినవి ఒక చిప్ ప్రోగ్రామర్, కాగితం, కలం, కాస్త ఓపిక. సాఫ్ట్‌వేర్ దొరకని యంత్రాలకు, తయారీదారు చేతులెత్తేసిన యంత్రాలకు కూడా ఇది పనిచేస్తుంది.

చిప్పు చదివితే తెర మీద అంకెల వరుసలు వస్తాయి. అందులో ఫ్రీక్వెన్సీ ఎక్కడుంది? 155.000 అని రాసి ఉండదు. రేడియో లోపల ఫ్రీక్వెన్సీ పుట్టించేది పీఎల్ఎల్ సింథసైజర్. ఒక ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని ఒక పూర్ణసంఖ్యతో భాగించి, వచ్చిన ఫలితాన్ని స్థిరమైన రిఫరెన్స్‌తో పోలుస్తుంది. రెండూ సమానమయ్యేదాకా ఆసిలేటర్‌ను సరిదిద్దుతుంది. మెమరీలో ఉండేది ఆ భాగించే సంఖ్య. కాబట్టి పాత ఫ్రీక్వెన్సీ తెలిస్తే ఆ సంఖ్యను మనమే లెక్కగట్టి, అది చిప్పులో ఎక్కడుందో వెతకవచ్చు. పాత ఫ్రీక్వెన్సీ సాధారణంగా యంత్రం మీద అంటించిన చీటీలోనే ఉంటుంది. ఆ చీటీలను ఎవరూ చింపకూడదని నేను అందరికీ చెబుతుంటాను.

ఉదాహరణ తీసుకుందాం. పాత ప్రసార ఫ్రీక్వెన్సీ 155.000 మెగాహెర్ట్జ్, సింథసైజర్ అడుగు, అంటే అది పోల్చే ఆ రిఫరెన్స్, 5 కిలోహెర్ట్జ్ అనుకోండి. 1,55,000ను 5తో భాగిస్తే 31,000. హెక్సాడెసిమల్‌లో, అంటే 9 తర్వాత ఎ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు వాడే పదహారు అంకెల పద్ధతిలో, రాస్తే 7918. చిప్పు నుంచి చదివిన వరుసల్లో 79, 18 అనే బైట్లు పక్కపక్కనే ఉన్నాయేమో చూడండి. లేకపోతే తలకిందులుగా 18, 79 చూడండి, చాలా ప్రాసెసర్లు చిన్న బైటును ముందు పెడతాయి. అదీ లేదా? అప్పుడు సింథసైజర్ చిప్పు ఏ రకమో చూడాలి. ఎక్కువ ఫ్రీక్వెన్సీల కోసం ముందు 64తోనో 65తోనో భాగించే ప్రీస్కేలర్ వాడతారు. 31,000ను 64తో భాగిస్తే భాగఫలం 484, శేషం 24. ఈ రెండు సంఖ్యలనూ రెండు కౌంటర్లలో వేస్తారు. చిన్న కౌంటర్‌కు ఆరు బిట్లు ఇస్తే, 64 అంటే రెండుకు ఆరో ఘాతం కనుక, రెండింటినీ పక్కపక్కన పెట్టినా మళ్లీ అదే 7918 వస్తుంది. చిన్న కౌంటర్‌కు ఏడు బిట్లు ఇచ్చిన చిప్పుల్లో పెద్ద సంఖ్య ఒక స్థానం పక్కకు జరిగి ఎఫ్218 అవుతుంది. చూడటానికి రెండూ వేర్వేరు అంకెలు, చెప్పేది ఒకే ఫ్రీక్వెన్సీ. ఇది తెలియకనే చాలామంది చిప్పులో ఫ్రీక్వెన్సీ దొరకలేదని ఆగిపోతారు.

రిసీవర్‌కు ఇంకో మెట్టు ఉంది. సింథసైజర్ పుట్టించేది మనం వినే ఫ్రీక్వెన్సీ కాదు, దానికి ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ, అంటే వచ్చిన సంకేతాన్ని రిసీవర్ లోపల మార్చుకునే స్థిరమైన ఫ్రీక్వెన్సీ, కలిపినదో తీసేసినదో. 145.000 మెగాహెర్ట్జ్ వినాలి, ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ 10.7 అనుకుంటే లోపలి ఆసిలేటర్ 155.7లోనో 134.3లోనో నడుస్తుంది. మొదటిదానికి సంఖ్య 31,140, రెండోదానికి 26,860. ఏది వాడారో పాత ఫ్రీక్వెన్సీతో వెతికినప్పుడే తేలిపోతుంది.

స్థానం దొరికాక కొత్త సంఖ్య రాయడం సులువు. ప్రసారం 145.600కి మార్చాలంటే 29,120, అంటే 71సి0. రిసీవర్ 155.7 ఆసిలేటర్‌తో అయితే 31,140, అంటే 79ఎ4. ఇక మిగిలింది చెక్‌సమ్. అన్ని బైట్లనూ కూడి చివర ఒక సరిచూపు బైటు పెడతారు. యంత్రం లేవగానే కూడి చూసుకుంటుంది, లెక్క కుదరకపోతే పని చేయనంటుంది. మన ఉదాహరణలో పాత రెండు బైట్ల మొత్తం దశాంశంలో 145, కొత్తవాటి మొత్తం 305. తేడా 160. అన్నీ కలిపితే సున్నా రావాలనే పద్ధతి అయితే సరిచూపు బైటును 160 తగ్గించాలి. ఆ బైటు ఎక్కడుందో తెలియకపోతే ఒక ఉపాయం ఉంది. వాడకంలో లేని చానెల్‌కు చెందిన ఏదో ఒక బైటును 160 తగ్గించండి. మొత్తం మారదు, యంత్రం ఒప్పుకుంటుంది. మామూలు కూడిక పద్ధతి వాడిన పాత యంత్రాల్లోనే ఇది చెల్లుతుంది. సీఆర్‌సీ లాంటి, కూడికకంటే చిక్కైన సరిచూపు పద్ధతులు వాడిన కొత్తవాటిలో చెల్లదు.

రాసేటప్పుడు అసలు చిప్పును ముట్టుకోవద్దు. దాన్ని తీసి, పేరు రాసి, భద్రంగా పెట్టి, కొత్త చిప్పులో రాసి సాకెట్‌లో పెట్టండి. సాకెట్ లేకపోతే టంకం విప్పి సాకెట్ పెట్టడం ఒక్కసారి పడే శ్రమ. ఈప్రోమ్‌లో చెరిపిన స్థితి అంటే అన్ని బిట్లూ 1, రాయడం అంటే 1ని 0 చేయడం. 79ని 71గా మార్చాలంటే ఒక బిట్ సున్నా అయితే చాలు, కానీ 18ని సి0 చేయాలంటే సున్నాలు ఒకట్లు కావాలి. అది చెరపకుండా జరగదు. చెరిపేది 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, మామూలు చెరుపు దీపం కింద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. నేరుగా ఎండ పడినా వారం రోజుల్లో చెరిగిపోవచ్చు, కాబట్టి కిటికీ మీద కాంతి దూరని చీటీ అంటించి ఉండాలి. ప్రోగ్రామింగ్ వోల్టేజి చిప్పును బట్టి మారుతుంది. 2716కు 25 వోల్టులు, 2732ఎకు 21, 27సి64కు 12.5. 21 వోల్టుల చిప్పుకు 25 ఇస్తే అది పోయినట్టే. చిప్పు మీద చివరి అక్షరం దాకా చదవండి.

ఇంతకీ ప్రాసెసర్ బోర్డే చచ్చిపోయి ఉంటే? అప్పటికీ నిరాశ అక్కర్లేదు. కొన్ని పాత సింథసైజర్ చిప్పులు, మోటరోలా ఎంసీ145152 లాంటివి, భాగించే సంఖ్యను సమాంతర పిన్నుల మీద తీసుకుంటాయి. పెద్ద కౌంటర్‌కు పది పిన్నులు, చిన్నదానికి ఆరు. ఒకట్లు, సున్నాలు తీగలతో కట్టేస్తే ఫ్రీక్వెన్సీ శాశ్వతంగా అక్కడే ఉంటుంది. 145.600కి 455, సున్నా. ప్రాసెసర్ లేదు, మెమరీ లేదు, చెడిపోయేది ఏమీ లేదు. ఎంసీ145158 లాంటివి సీరియల్‌గా తీసుకుంటాయి, క్లాక్, డేటా, ఎనేబుల్ అనే మూడు తీగలు. ఒక చిన్న మైక్రోకంట్రోలర్ లేవగానే ఆ సంఖ్యలను పంపితే చాలు. ఒకే ఫ్రీక్వెన్సీలో ఏళ్ల తరబడి ఉండే రిపీటర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు పరీక్ష. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే తప్పు సంఖ్య రాసిన ట్రాన్స్‌మిటర్ ఇతరుల ఫ్రీక్వెన్సీలో మోగుతుంది, అక్కడ ఎవరి ప్రాణావసర సమాచారం నడుస్తోందో మనకు తెలియదు. యాంటెన్నా తీసేసి, ప్రసారాన్ని గాలిలోకి పోనీయకుండా వేడిగా మార్చే 50 ఓముల డమ్మీ లోడ్ పెట్టండి, పవర్ తగ్గించండి. ముందు రిసీవర్ వైపు. లోపలి ఆసిలేటర్‌ను ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో చూడండి, మీరు లెక్కగట్టిన 155.7 కనబడాలి. సింథసైజర్ లాక్ అయినట్టు చెప్పే పిన్ను చూడండి. ఆసిలేటర్‌ను లాగే నియంత్రణ వోల్టేజి చూడండి, అది దాని పరిధి మధ్యలో ఎక్కడో ఉండాలి. ఏదో ఒక అంచుకు అతుక్కుపోయి ఉంటే ఆసిలేటర్ అంత దూరం రాలేకపోతోందని అర్థం. 150 మెగాహెర్ట్జ్ పైన పనిచేసేలా చేసిన యంత్రాన్ని 145కి దించితే ఇది మామూలే. కాయిల్ కోర్ తిప్పడమో, చిన్న కెపాసిటర్ చేర్చడమో చేయాలి. మెమరీలో ఎంత సరిగా రాసినా ఈ భౌతిక హద్దు దాటదు. రిసీవర్ ముందుండే ఫిల్టర్లనూ కొత్త ఫ్రీక్వెన్సీకి తిప్పకపోతే యంత్రం చెవిటిదిలా ఉంటుంది. రిసీవర్ తృప్తికరంగా ఉన్నాక ట్రాన్స్‌మిటర్, ముందు ఫ్రీక్వెన్సీ, తర్వాత డీవియేషన్ (మాటకు తగ్గట్టు ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగే మేర), ఆ తర్వాతే పూర్తి పవర్.

డ్యూప్లెక్సర్ గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, 0.25 మైక్రోవోల్టు వినగల రిసీవర్ ఒకే యాంటెన్నా మీద ఉంటాయి. ఆ రెండు పవర్‌ల మధ్య తేడా 166 డెసిబెల్స్, అంటే నాలుగు వందల కోటి కోట్ల రెట్లు. ఆ రెంటినీ వేరు చేసే డ్యూప్లెక్సర్ పాత ఫ్రీక్వెన్సీలకు, పాత అంతరానికి ట్యూన్ అయి ఉంటుంది. వాణిజ్య వ్యవస్థల్లో కొన్ని మెగాహెర్ట్జ్ అంతరం ఉండేది, 145 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉండే మన రెండు మీటర్ల బ్యాండ్‌లో 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. చిన్న పెట్టెలో ఇమిడే డ్యూప్లెక్సర్లు అంత దగ్గర ఫ్రీక్వెన్సీలను వేరు చేయలేవు, పెద్ద కేవిటీలు, అంటే ఫిల్టర్లుగా పనిచేసే పెద్ద లోహపు డబ్బాలు, కావాలి. అలాంటి చోట ప్రోగ్రామింగ్ అంతా సరిగా చేసినా ప్రసారం మొదలవగానే రిసీవర్ మూగబోతుంది. ఆ నిందను చిప్పు మీద వేయకండి.

ఇంకా ఒకటి. ప్యానెల్ లేని రిపీటర్‌ను కొండ మీద పెట్టాక, అక్కడికి వెళ్లినవారికి కూడా లోపల ఏం జరుగుతోందో తెలియదు. కాబట్టి దూరం నుంచి ఆపే ఏర్పాటు తప్పనిసరి. డీటీఎంఎఫ్ టోన్లు, అంటే ఫోన్ మీటలు నొక్కితే వచ్చేలాంటి టోన్లు, విని ప్రసారాన్ని ఆపగల, తిరిగి మొదలుపెట్టగల కంట్రోలర్ ఒకటి బయట కలపండి. టైమర్, మోర్స్ గుర్తింపు కూడా అదే చూసుకుంటుంది. రిపీటర్ లోపలి టైమర్‌ను కూడా ఆఫ్ చేయకుండా ఉంచండి. కంట్రోలర్ స్తంభించిపోతే అదే ఆపుతుంది.

మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: మా దగ్గరున్న మోడల్ రిపీటరే మా మిత్రుడి దగ్గర ప్యానెల్‌తో సహా ఉంది. దాని మెమరీని మా యంత్రంలోకి కాపీ చేసుకోవచ్చా?

పాత ఈప్రోమ్ యంత్రాల్లో అయితే చేసుకోవచ్చు. కొత్తవాటిలో జాగ్రత్త. పవర్ ఎంత వస్తుంది, డీవియేషన్ ఎంత, ఫిల్టర్లు ఎలా ట్యూన్ అయ్యాయి అనే కొలతలు ఆ ఒక్క యంత్రానికే ప్రత్యేకం. కర్మాగారంలో కొలిచి అదే మెమరీలో రాస్తారు. మొత్తం కాపీ చేస్తే మీ యంత్రం కొలతలు చెరిగిపోయి మిత్రుడి యంత్రం కొలతలు వస్తాయి. రెండింటి మెమరీలను పక్కపక్కన పెట్టి పోల్చండి, ఫ్రీక్వెన్సీకి సంబంధించిన భాగం మాత్రమే మార్చండి. ఆ మిత్రుడు ప్యానెల్‌ను కొద్దిసేపు ఇస్తే ఇంకా మంచిది. ఒక్కొక్క సెట్టింగ్ మార్చి, ప్రతిసారీ చిప్పు చదివితే ఏ బైటు దేనిదో పటం తయారవుతుంది. ఆ పటం అలాంటి యంత్రాలున్న అందరికీ పనికొస్తుంది, దయచేసి పంచుకోండి.

ప్రశ్న: చదవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం చేయాలి?

ముందు యంత్రం నిజంగా ఎవరిదో తేల్చుకోండి. అమ్మిన సంస్థను అడిగితే పాస్‌వర్డ్ చెప్పవచ్చు, లేదా తమ పత్రాల్లో వెతికి ఇవ్వవచ్చు. యాజమాన్యం స్పష్టంగా మీదని తేలనిదే తాళం దాటే ప్రయత్నం చేయవద్దు.

ప్రశ్న: చీటీ లేదు, పాత ఫ్రీక్వెన్సీ తెలియదు. చిప్పులో దేన్ని వెతకాలి?

యంత్రం లేస్తోందా? లేస్తుంటే సమాధానం అదే చెబుతుంది. రిసీవర్ బోర్డు మీద క్రిస్టల్ ఫిల్టర్ వెతకండి, లోహపు డబ్బాలా ఉంటుంది, దాని మీద 10.7 అనో 21.4 అనో రాసి ఉంటుంది. అదే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ. తర్వాత లోపలి ఆసిలేటర్ దగ్గర కౌంటర్ పెట్టి ఫ్రీక్వెన్సీ చదవండి. మీకు నేరుగా కావలసింది ఆ అంకే, ఎందుకంటే మెమరీలో ఉన్న సంఖ్య ఆ ఫ్రీక్వెన్సీదే. రిఫరెన్స్ క్రిస్టల్ విలువ చూసి అడుగు 5 కిలోహెర్ట్జా, 6.25 కిలోహెర్ట్జా అని రెండు విధాలా భాగించి, రెండు సంఖ్యలతోనూ వెతకండి. పూర్ణసంఖ్య రాని అడుగును పక్కన పెట్టేయవచ్చు. ప్రసారం వైపు కూడా డమ్మీ లోడ్ పెట్టి అలాగే చూడవచ్చు, అయితే ఆసిలేటర్ తర్వాత ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేసే దశలు ఉన్నాయేమో సర్క్యూట్ పటంలో చూసుకుని, ఉంటే ముందు దానితో భాగించండి.